పిచ్చుకల గూడుపెట్టె కొనేముందు రంధ్రం కొలత చూడండి

ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం దగ్గర పడుతుందనగా చెక్క గూడుపెట్టెల ప్రకటనలు విరివిగా కనిపిస్తాయి. అలా అమ్మే వాటిలో ఒకే తయారీదారు చేసిన రెండు రకాలను ఆన్‌లైన్‌లో తెప్పించి, భీమవరంలోని మా ఇంటి వసారాలో ఒకటి, పెరటి గోడకు ఒకటి బిగించాను. రెండింటికీ ‘పిచ్చుకల గూడు’ అనే పేరు పెట్టారు. చూడడానికీ ఒక్కలాగే ఉంటాయి. ముందు పలకకు తొలిచిన రంధ్రం మాత్రం ఒకదానికి 32 మిల్లీమీటర్లు, రెండోదానికి 50 మిల్లీమీటర్లు. ఏ పెట్టె ఏ పిట్ట వశమవుతుందో తేల్చింది ఆ తేడాయే.

పెరట్లోని పెద్ద రంధ్రం పెట్టెను ముందుగా కనిపెట్టినవి పిచ్చుకలే. గొంతు కింద నల్లమచ్చ ఉన్న మగపిచ్చుక పెట్టె కప్పు మీద వాలి, రెక్కలు కాస్త దించి, తోక నిగిడించి, ఎడతెగకుండా అరుస్తూ ఆడపిచ్చుకను పిలిచింది. అది లోపలికి తొంగిచూసి, ఎగిరిపోయి, మళ్ళీ వచ్చి దూరి, చివరకు గడ్డిపోచలు చేరవేయడం మొదలుపెట్టింది. గూడు సగంలో ఉండగానే గోరింకల జంట దిగింది. పిచ్చుకకు దాదాపు నాలుగు రెట్లు బరువుండే ఆ పిట్టలలో ఒకటి రంధ్రం దగ్గర కాపలా నిలవగా, రెండోది లోపలి గడ్డిని ముక్కుతో లాగి కింద పడవేసింది. పిచ్చుకలు దండెం మీద కూర్చుని ఎంత గోల చేసినా ఫలితం లేకపోయింది. చెట్ల తొర్రలు కరువైన ఊళ్ళో గోరింకకూ గూడు కావాలి కాబట్టి వాటిని నేను తప్పుపట్టను. గోరింక సులువుగా దూరగలిగే పెట్టెను పిచ్చుకల పేరుతో అమ్మడమే సరికాదు.

వసారాలోని చిన్న రంధ్రం పెట్టె దగ్గరికీ గోరింకలు వచ్చాయి. తల దూర్చాయి గానీ భుజాలు పట్టలేదు. అయినా వెంటనే వదలక, రంధ్రం కింద తయారీదారు బిగించిన పుల్ల మీద నిలబడి అంచులను పొడుస్తూ పిచ్చుకలను దగ్గరికి రానివ్వలేదు. ఆ పుల్లను ఊడదీశాక వాటికి కాలు నిలిపే చోటు లేకుండా పోయింది. పిచ్చుకకు పుల్లతో పనే లేదు, అంచును గోళ్ళతో పట్టుకుని ఇట్టే లోపలికి జారుతుంది. ఆ తరువాత పోటీ పిచ్చుకల మధ్యే మొదలై, రెండు మగపిచ్చుకలు ముక్కులతో పెనుగులాడుతూ వసారా గచ్చు మీద దొర్లాయి. పిచ్చుకలు గుంపుగా, ఇరుగుపొరుగుగా గూళ్ళు పెట్టుకునే పక్షులు గనుక, వీలున్నవారు చిన్న రంధ్రం పెట్టెలు రెండు మూడు కొని కొంత ఎడంగా తగిలించడం మంచిది.

పనితనం విషయానికి వస్తే, పలకలు గట్టివే, కప్పు వాలు కూడా వాన నీరు నిలవకుండా ఉంది. గాలి ఆడడానికి పైభాగాన సన్న రంధ్రాలు లేకపోవడం మాత్రం మన మే నెల ఎండలకు పెద్ద లోపం. పడమటి ఎండ తగిలే గోడకు దీన్ని బిగించకూడదు. రంధ్రం చుట్టూ రేకు లేనందువల్ల ఉడుతలు అంచును కొరికి వెడల్పు చేసే ప్రమాదం ఉంది. అడుగు పలక మరలతో ఊడివస్తుంది కాబట్టి, పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డి తీసి శుభ్రం చేయడం తేలిక.

పెట్టె దగ్గర వరికంకుల కుచ్చు వేలాడదీస్తే పెద్ద పిచ్చుకలు వస్తాయి గానీ, గూటిలోని పిల్లలకు అవి ఎక్కువగా పురుగులనే తెచ్చి పెడతాయి. పెరటి మొక్కలకు పురుగుమందు కొట్టేవారు ఈ పెట్టె కొనకపోవడమే మేలు. మిగిలినవారికి 32 మిల్లీమీటర్ల రకాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. పిల్లి అందుకోలేని ఎత్తులో, సీలింగ్ ఫ్యాన్‌కు బాగా దూరంగా బిగించండి.