వలయం ఒక చోట, లేజర్ ఇంకో చోట: నా బాలిస్టిక్ రేంజ్‌ఫైండర్‌తో కొన్ని సీజన్లు

నా దగ్గరున్న బాలిస్టిక్ రేంజ్‌ఫైండర్ మీద, అంటే లేజర్‌తో దూరం కొలిచి తుపాకీ గురిని ఎంత సరిచేయాలో లెక్కకట్టే పరికరం మీద, నాకు ఒకే ఒక్క కోపం ఉంది, అది ఇప్పటికీ చల్లారలేదు. అద్దంలో కనిపించే వలయాన్ని దేని మీద పెడతామో లేజర్ సరిగ్గా దాని మీద పడదు. ఇంత చిన్న విషయానికి ఇంత సమీక్షా అనుకోకండి. దూరం నుంచి వేటాడేటప్పుడు మిగతా లెక్కలన్నీ ఆ ఒక్క అంకె మీదే నిలబడతాయి, అది తప్పయితే లోపలున్న కంప్యూటర్ ఎంత గొప్పదైనా ఆ తప్పు దూరానికే శ్రద్ధగా లెక్కకట్టి చూపిస్తుంది, మనం నమ్మి రైఫిల్ స్కోప్ మీది డయల్ తిప్పుతాం.

నేనుండేది కొలరాడోలో. సీజన్‌లో లైసెన్సు దొరికితే ఇక్కడ ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకీ, పక్కనే వ్యోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు వేటకీ వెళ్తాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు ఇలాంటి వేట కుదరదు, కాబట్టి అక్కడివాళ్లకు ఇది పెద్దగా పనికిరాదు. ఇక్కడ ఈ మధ్య వేట మొదలుపెట్టిన మనవాళ్లు కొందరు ఏది కొనాలని అడుగుతున్నారు, వాళ్ల కోసం రాస్తున్నా. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఈ జబ్బు ఒక్క కంపెనీది కాదు. లెన్సు ఎంత, బరువెంత, ఎన్ని వేల యార్డులు కొలుస్తుంది లాంటివన్నీ డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నా రైఫిల్ 6.5 క్రీడ్‌మోర్ అనే తూటా వాడేది, బుల్లెట్ 143 గ్రెయిన్ల బరువున్న ఈఎల్‌డీ-ఎక్స్ రకం. కింద చెప్పే అంగుళాల లెక్కలన్నీ దానివే, సుమారుగా.

నచ్చినదాంతోనే మొదలుపెడతా, ఎందుకంటే నిజంగానే నచ్చింది. ఏటవాలు లెక్క ఇది అద్భుతంగా చేస్తుంది. కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ కొండల వైపు ఎల్క్‌కు వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ మనం గట్టు మీద ఉంటే ఎల్క్ కింద లోయలో ఉంటుంది. 30 డిగ్రీల వాలులో 500 యార్డుల దూరం ఉంటే బుల్లెట్‌ను భూమి లాగే లెక్కకు అది దాదాపు 433 యార్డుల కింద వస్తుంది. చలిలో, చెయ్యి వణుకుతుంటే, ఎల్క్ ఇంకో నిమిషంలో చెట్లలోకి వెళ్లిపోయేలా ఉంటే ఈ లెక్క ఎవరు చేస్తారు? బటన్ నొక్కగానే డయల్‌ను ఎన్ని మిల్‌లు తిప్పాలో అద్దంలో కనిపిస్తుంది (మిల్ అంటే కోణం కొలత, వెయ్యి యార్డుల దగ్గర ఒక యార్డు). బుల్లెట్ దారిని లెక్కకట్టే అప్లైడ్ బాలిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఇందులోనే ఉంది, నాది 800 యార్డుల వరకే ఇచ్చే చిన్న వెర్షన్, అయినా జంతువు మీద 500 దాటి కాల్చను కాబట్టి నాకు అదే ఎక్కువ. క్రోనోగ్రాఫ్ అనే పరికరంతో కొలిచిన బుల్లెట్ వేగం ఇచ్చి, షూటింగ్ రేంజ్‌లో స్టీలు ప్లేట్ల మీద సరిచూసుకుంటే మొదటి సీజన్ అంతా చెప్పినచోటే తగిలింది. ఆ ఊపులోనే కనిపించిన ప్రతివాడికీ ఇదే కొనమని చెప్పాను.

తర్వాత వ్యోమింగ్‌లోని షర్లీ బేసిన్ వెళ్లాం, నేనూ, షయెన్‌లో ఉండే మా బావా. అటువైపు వెళ్లనివాళ్లకు చెప్పాలంటే, దాదాపు 7,000 అడుగుల ఎత్తున కనుచూపు మేర సేజ్‌బ్రష్ పొదలే ఉంటాయి, పెద్ద చెట్టు కనిపించదు, గాలి మాత్రం ఆగదు. చదునుగా కనిపిస్తుంది గానీ నిజానికి చదును కాదు. చిన్న చిన్న మిట్టలు, వాటి వెనక పల్లాలు, ఆ పల్లం అవతల మళ్లీ వాలు. మన కంటికి అదంతా ఒకే నేల.

ఒక మగ ప్రాంగ్‌హార్న్ అలాంటి మిట్ట మీద పక్కకు తిరిగి నిలబడింది. వలయం సరిగ్గా దాని ఛాతీ మీద పెట్టి నొక్కితే 547 వచ్చింది. మళ్లీ నొక్కితే 468. ఇంకోసారి 549. జంతువు అడుగు కూడా కదల్లేదు. బావ ట్రైపాడ్ మీద పెట్టిన బైనాక్యులర్ రేంజ్‌ఫైండర్‌తో చూస్తున్నాడు.

"ఏరా, నీకెంత వస్తోంది?"

"ఒకసారి 547, ఒకసారి 468. నీకెంత బావా?"

"నాకు 469, 469, 470. నువ్వు దేని మీద కొడుతున్నావు?"

"ఛాతీ మీదే బావా, వలయం కదలట్లేదు కూడా."

"అయితే కాల్చొద్దు. దగ్గరికి పోదాం పద."

80 యార్డుల తేడా అంటే ఏమిటో లెక్క వేసి చూడండి. నిజమైన దూరం 469 అయినప్పుడు 547కి సరిపడా డయల్ తిప్పి కాలిస్తే బుల్లెట్ పది అంగుళాలకు పైగా ఎత్తులో వెళ్తుంది. ప్రాంగ్‌హార్న్ పెద్ద జంతువు కాదు, భుజం దగ్గర మూడడుగుల ఎత్తు, గుండె, ఊపిరితిత్తులు కలిపితే మనం గురిపెట్టే జాగా తొమ్మిది అంగుళాలు ఉంటే గొప్ప. అదృష్టం బాగుంటే బుల్లెట్ వీపు మీదుగా పోతుంది, బాగోకపోతే వెన్ను పైభాగాన్ని చీలుస్తుంది, ఆ జంతువు మనకు దొరకదు, ఎక్కడో పడి చస్తుంది. నాకు ఈ పరికరం మీద కోపం ఎందుకంటే అందుకే. రెండో కొలత తీసుకోకుండా, పక్కన ఇంకో కొలత లేకుండా ఉంటే 547 అనే అంకెను అనుమానించడానికి కారణమే ఉండదు. అది అంత ధైర్యంగా, మినుకుమినుకుమనకుండా, మిల్‌లతో సహా చూపించింది.

ఆ రోజు వాగు గట్టు వెంట పాకుతూ 220 యార్డులకు వెళ్లాం, అక్కడ డయల్‌తో పనే లేదు. మాంసం తెచ్చుకున్నాం. కానీ ఆ అంకెలు నన్ను వదల్లేదు.

ఇంటికొచ్చాక పరీక్ష పెట్టాను. ఇది ఎవరైనా చేసుకోవచ్చు. వెనకాల ఆకాశం తప్ప ఇంకేమీ లేనిచోట ఒంటరిగా ఉన్న స్తంభమో, రోడ్డు పక్క బోర్డో చూసుకోవాలి, మూడు నాలుగు వందల యార్డుల దూరంలో ఉంటే మంచిది. పరికరాన్ని ట్రైపాడ్ మీద బిగించి, ఆగకుండా కొలుస్తూ పోయే స్కాన్ మోడ్ నొక్కి పట్టుకుని, వలయాన్ని ఎడమ నుంచి మెల్లగా స్తంభం వైపు జరుపుతూ పోవాలి. దూరం ఎక్కడ మొదలవుతుందో, అవతలివైపు ఎక్కడ ఆగిపోతుందో గుర్తుపెట్టుకోవాలి. తర్వాత బోర్డు పై అంచు మీద కిందినుంచి పైకీ, పైనుంచి కిందికీ అలాగే. లేజర్ వలయం మధ్యలోనే ఉంటే రెండువైపులా సమానంగా రావాలి. నాకు అలా రాలేదు. వలయం బోర్డుకు బాగా కింద ఉండగానే దూరం చూపించడం మొదలైంది, వలయం ఇంకా బోర్డు మీదే ఉండగానే ఆగిపోయింది. అంటే లేజర్ వలయానికి పైన, కొంచెం కుడివైపు పడుతోంది. దాదాపు ఒక మిల్ పైన. 470 యార్డుల దగ్గర ఒక మిల్ అంటే 17 అంగుళాలు. ఛాతీ మధ్యలో వలయం పెడితే లేజర్ వీపు మీదుగా పోయి పల్లం అవతలి వాలుకు తగిలిందన్నమాట. చెయ్యి కొంచెం కిందికి ఊగినప్పుడల్లా జంతువుకు తగిలి 468 వచ్చింది. లెక్క మొత్తం సరిపోయింది.

దీనికి తోడు ఆ లేజర్ మచ్చ గుండ్రంగా ఉండదు. ఇలాంటి పరికరాల్లో చాలావాటిలో 905 నానోమీటర్ల డయోడ్ వాడతారు, దాని కాంతి సన్నటి గీత లాంటి చోటునుంచి వస్తుంది కాబట్టి దూరాన పడేసరికి దీర్ఘచతురస్రంలా పరుచుకుంటుంది. 1.5 మిల్ పొడుగున్న కిరణం 600 యార్డుల దగ్గర 32 అంగుళాలు అవుతుంది. ఆ పొడుగు నిలువుగా ఉంటే వ్యోమింగ్ లాంటి చోట ముందున్న పొదా వెనకున్న వాలూ రెండూ అందులోకి వస్తాయి, అడ్డంగా ఉంటే అడవిలో పక్కన ఉన్న చెట్లు వస్తాయి. కంపెనీవాళ్లు అద్దంలో చక్కగా గుండ్రటి వలయం గీసి పెడతారు, మనం అదే లేజర్ అనుకుంటాం. కిరణం వెడల్పు ఎంతో కొందరు కాగితం మీద రాస్తారు, చాలామంది రాయరు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది మాత్రం అద్దంలా మెరిసే వస్తువు మీద ఎంత దూరం కొలుస్తుందన్నది. వేటకు వెళ్లేవాడికి దానితో ఏం పని? జింక ఒళ్లు మెరవదు.

కంపెనీకి ఫొటోలతో సహా రాశాను. ఇది మేం అనుమతించే హద్దులోనే ఉంది అని జవాబొచ్చింది. మర్యాదగానే రాశారు. కానీ ఆ హద్దు ఎంతో రాయలేదు, మళ్లీ అడిగినా చెప్పలేదు. వెయ్యి డాలర్లు దాటిన వస్తువుకు ఆ ఒక్క అంకె చెప్పడానికేం కష్టమో నాకు అర్థం కాలేదు.

పైన లెక్కల గురించి పొగిడాను కదా, అందులోనూ కొంచెం తగ్గించుకోవాలి. ఇందులో ఉష్ణోగ్రత, గాలి పీడనం కొలిచే సెన్సర్లు ఉన్నాయి, అవి మంచివే. కానీ పరికరాన్ని జాకెట్ లోపల పెట్టుకుని బయటికి తీస్తే అది చాలాసేపు మన ఒంటి వేడినే చూపిస్తుంది. 500 లోపు దానివల్ల పెద్ద తేడా రాదు, అందుకే నేను పట్టించుకోవడం మానేశా. పీడనం అలా కాదు. ఫోన్ యాప్‌లో చేత్తో వివరాలు ఇచ్చేటప్పుడు వాతావరణ యాప్‌లో కనిపించే 30 అంగుళాల (పాదరసం ఎత్తులో చెప్పే పీడనం) అంకె ఇస్తే అది సముద్రమట్టానికి సరిదిద్దినది. 7,000 అడుగుల మీద నిజంగా ఉండేది 23 చుట్టుపక్కల. ఆ తేడాకు 600 యార్డుల దగ్గర సుమారు అర అడుగు మారిపోతుంది. సెన్సర్‌ను ఆన్ చేసి ఉంచితే ఈ తలనొప్పి ఉండదు, కానీ నా దాంట్లో యాప్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఆ సెట్టింగ్ దానంతటదే చేతి లెక్కకు మారింది. అప్పటినుంచి బయల్దేరే ముందు రాత్రి ఫోన్ సిగ్నల్ ఉండగానే అన్నీ ఒకసారి చూసుకుంటాను.

గాలి సంగతి ఇది చెప్పదు. చెప్పలేదు కూడా. పక్కనుంచి గంటకు పది మైళ్ల వేగంతో గాలి వీస్తే నా బుల్లెట్ 500 దగ్గర అడుగుకు పైగా పక్కకు పోతుంది, షర్లీ బేసిన్‌లో పది మైళ్ల గాలి అంటే ప్రశాంతమైన రోజు కింద లెక్క. బావ దగ్గర గాలిని కొలిచే కెస్ట్రెల్ 5700 అనే మీటర్ ఉంది, దాన్ని రేంజ్‌ఫైండర్‌కు కలుపుకోవచ్చు, కానీ అది కూడా మనం నిలబడ్డచోటి గాలినే చెబుతుంది. అవతల మిట్ట మీద గడ్డి ఎటు వంగుతోందో కళ్లతో చూడాల్సిందే.

అయినా దీన్ని అమ్మేయలేదు. లేజర్ ఎక్కడ పడుతుందో ఇప్పుడు తెలుసు కాబట్టి వలయాన్ని ఛాతీ మీద కాకుండా ముందుకాళ్ల మోకాళ్ల దగ్గర, ఒకింత ఎడమకు పెట్టి నొక్కుతున్నా. ట్రైపాడ్ లేకుండా 300 దాటి కొలవను. ఒకే అంకె వరసగా రాకపోతే జంతువును వదిలి అదే దూరంలో ఉన్న బండనో, గట్టు అంచునో కొలుస్తా. ఇలా చేస్తే పని జరుగుతుంది, ఎల్క్ వేటలో అయితే ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే ఎల్క్ పెద్దది, ఒక మిల్ తప్పినా లేజర్ దాని ఒంటి మీదే ఎక్కడో పడుతుంది, పైగా ఏటవాలు లెక్క అక్కడే అక్కరకొస్తుంది. మీరు చెట్ల మధ్య 250 లోపు కాల్చేవాళ్లయితే ఈ గొడవంతా మీకు తెలియను కూడా తెలియదు, ఇంకా చవకది చాలు. చదునునేల మీద చిన్న జంతువుకు వెళ్లేవాళ్లయితే మాత్రం, నాలాగా, నేను మళ్లీ ఇదే కొంటానని చెప్పలేను. బావ బైనాక్యులర్ బాగుందని అందరూ అదే కొనాలనీ కాదు, దాని బరువు రోజంతా మెడకు తెలుస్తుంది, ధర నా దానికి రెండింతలు, ఇంకో పీస్‌లో లేజర్ ఎలా కుదిరి ఉంటుందో ఎవరు చూశారు. ఒకే మోడల్‌లో కూడా ఒక్కో పీస్ ఒక్కో రకంగా ఉండొచ్చు.

కాబట్టి దుకాణానికి వెళ్తే లోపల గోడల మీద కొలిచి చూసి కొనేయకండి. బయట పార్కింగ్ దగ్గరికి తీసుకెళ్తానని అడగండి, చాలాచోట్ల మీతో ఒకరిని పంపి ఒప్పుకుంటారు. దూరంగా ఒంటరిగా ఉన్న దీపస్తంభం చూసుకుని నాలుగువైపులనుంచీ వలయాన్ని జరిపి చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కిచ్చే గడువు లోపలే ఈ పరీక్ష చేయండి, సీజన్ మొదలయ్యేదాకా డబ్బాలో ఉంచకండి. నాకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.