పెట్రికోర్, జియోస్మిన్: ఏది ఎక్కడ వాడాలి?

ఎండిన నేల మీద తొలి చినుకులు పడగానే లేచే కమ్మని వాసనకు ఇంగ్లీషులో ఉన్న మాట పెట్రికోర్. అదే వాసనను కొందరు జియోస్మిన్ అని కూడా రాసేస్తుంటారు. రెండూ ఒకటి కావు.

పెట్రికోర్ వాసన పేరు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో నేచర్ పత్రికలో ఈ మాటను ప్రవేశపెట్టారు. గ్రీకులో పెట్రా అంటే రాయి. ఇకోర్ అంటే ఆ పురాణాల్లో దేవతల ఒంట్లో నెత్తురుకు బదులు పారే ద్రవం. రాతి నుంచి ఊరే దేవతల రక్తమన్నమాట! ప్రయోగశాలలో పుట్టిన పేరుకు ఇంత కవిత్వం అబ్బడం నాకెప్పుడూ అబ్బురమే. పొడి రోజుల్లో మొక్కల నుంచి వెలువడే నూనెలు మట్టిలో, రాళ్లలో ఇంకి ఉంటాయి. తడి తగలగానే అవి గాల్లోకి లేస్తాయి.

జియోస్మిన్ ఒక రసాయనం పేరు. ఇదీ గ్రీకు నుంచే వచ్చింది: భూమి, వాసన. నేలలోని స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా దీన్ని తయారుచేస్తుంది. పెట్రికోర్‌లో ఇదీ ఒక పాలు, కానీ దీనికి వానతో పనిలేదు. బీట్‌రూట్ కోసినప్పుడు వచ్చే మట్టివాసన ఇదే.

అందుకే "తాగునీటిలో పెట్రికోర్ ఎక్కువైంది" అనడం తప్పు, అక్కడ ఉన్నది జియోస్మిన్. "కిటికీ తెరవగానే జియోస్మిన్ గుప్పుమంది" అంటే మరీ తప్పు కాదు గానీ, ఆ వాక్యంలో వాన కనిపించదు. కథకైనా ఉత్తరానికైనా నేను పెట్రికోర్‌నే ఎంచుకుంటాను.