పాత హిప్ హాప్ వినాలా, పాత పోకడలో తర్వాత చేసినది వినాలా?

విశాఖలో డ్యూటీ దిగి విజయనగరం వచ్చే పాసింజర్‌లో నాకు రోజూ గంటకు పైగా పాటలు వినే టైం దొరుకుతుంది. మనసుకు హుషారునిచ్చే పాతకాలపు హిప్ హాప్, అదే దరువు మీద మాటలు చెప్పే రాప్ పాటలంటే నాకు ప్రాణం. మొన్న మా మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, ముందు అసలు పాతవి వినమంటావా, ఆ స్టైల్లో తర్వాత వచ్చినవా?"

అసలు పాతదంటే నా లెక్కలో డి లా సోల్ అనే అమెరికా జట్టు ముగ్గురూ 1989లో తెచ్చిన మొదటి ఆల్బమ్. పాత రికార్డుల ముక్కలు (శాంపిల్స్ అంటారు) ఏరి కలిపి, మధ్యలో క్విజ్ ఆట, కబుర్లు పెట్టారు. ఆ రోజుల్లో చాలామంది వాడిన ఎస్పీ-1200 అనే, ఆ ముక్కలు ఎక్కించుకునే యంత్రంలో మొత్తం 10 సెకన్ల శబ్దమే పట్టేది. అందుకని నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి, తక్కువ సేపట్లో ఎక్కించుకుని, తర్వాత యంత్రంలో నెమ్మది చేసేవారు. దాంతో శబ్దం గరుకెక్కేది. ఇప్పుడు మనం పాత సౌండ్ అని మురిసిపోయేది చాలావరకు ఆ గరుకే. శాంపిల్స్ హక్కుల చిక్కుల వల్ల ఈ ఆల్బమ్ 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌లోకి రాలేదు. అది రావడానికి ఇంకా మూడు వారాలు కూడా లేదనగా, ముగ్గురిలో ఒకరైన ట్రుగాయ్ చనిపోయారు. వింటున్నప్పుడు అది గుర్తొస్తే నాకు గొంతు పట్టేస్తుంది.

రెండోది లాస్ ఏంజెలెస్ జట్టు జురాసిక్ 5 వాళ్ల 2000 నాటి ఆల్బమ్. పేరులో అయిదే గాని మనుషులు ఆరుగురు: నలుగురు రాపర్లు, రికార్డులు తిప్పే డీజేలు ఇద్దరు. ఒకరి మాట ఒకరు అందుకుంటూ, కోరస్ దగ్గర నలుగురూ ఒక్క గొంతవుతారు. 80ల జట్ల పద్ధతి అది. మాట కూడా స్పష్టంగా ఉంటుంది. డాబా మీద స్పీకర్లో పెడితే అమ్మమ్మ చెవి ఒగ్గి, "ఇదేట్రా, తప్పెటగుళ్లోళ్లలాగ అందరూ ఒకేపాలి అందుకుంటన్నారు" అంది. నిజమే. గుండెకు కట్టిన తప్పెట మోగిస్తూ, గజ్జెకాళ్లతో గెంతుతూ, గురువు అన్నది జట్టంతా అందుకోవడం మన జిల్లాలో చూడనిదెవరు?

చదువుకునేటప్పుడు పెట్టుకునే లో-ఫై బీట్లూ ఉన్నాయి. బాగుంటాయి గాని మాట లేనిది నాకు ఆనదు.

మేనల్లుడికి 2000 నాటిదే ముందు పంపాను. పదిమందిలో పెట్టుకోవడానికి, రాప్ కొత్తగా వినేవాళ్లకు అదే మేలు. డి లా సోల్ మాటల్లో ఆనాటి యాస, వాళ్లలో వాళ్ల జోకులు ఎక్కువ. మొదటిసారికే అందవు. కానీ ఒక్కణ్నే ఉంటే నా ఓటు 1989కే, అదీ హెడ్‌ఫోన్స్‌లోనే. వెనక సన్నగా వినపడే నవ్వులు స్పీకర్లో పోతాయి. కొత్తవలసలో మొదలుపెడితే విజయనగరం చేరేసరికి ఇంకా కొన్ని పాటలు మిగులుతాయి. అవి వింటూ స్టేషన్ నుంచి గంటస్తంభం దాకా నడిచే వెళ్తాను.