ఫైర్ అలారం, ఎలక్ట్రికల్ డిజైన్ సాఫ్ట్‌వేర్ కొనబోతున్న విశాఖ మిత్రులకు జాగ్రత్త హెచ్చరిక

భవనాల ఎలక్ట్రికల్, ఫైర్ అలారం డిజైన్ కోసం ఈ మధ్య మార్కెట్లోకి వచ్చిన ఒక కొత్త సాఫ్ట్‌వేర్‌ను మా ఆఫీసు ఏడాది చందా ముందుగా కట్టి తీసుకుంది. దాని లెక్కల్లో ప్రాణాల మీదికి తెచ్చే లోపం ఉందని తేలిన తర్వాత కూడా అమ్మినవారు సొమ్ము తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. విశాఖలోని కన్సల్టెంట్లు, ఫైర్ కాంట్రాక్టర్లు ఇలాంటి సాధనానికి డబ్బు కట్టే ముందు ఏమేమి పరీక్షించుకోవాలో తెలియాలని ఇది రాస్తున్నాను.

అమ్మకందారులు ద్వారకా నగర్‌లోని మా ఆఫీసుకు వచ్చి చూపించిన డెమో బాగానే ఉంది. ప్లాన్ తెరవగానే గదులను గుర్తించి, పొగను, వేడిని పసిగట్టే డిటెక్టర్లు పెట్టి, కేబుల్ దారి గీసి, బ్యాటరీ లెక్కతో సహా నివేదిక తయారు చేసింది. భారత ఫైర్ అలారం ప్రమాణం ఐఎస్ 2189, నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016, అమెరికా ఫైర్ అలారం ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72, ఈ మూడింటి ప్రకారమూ పనిచేస్తుందని వారి కరపత్రంలో ఉంది. అయితే డెమో మొత్తం వారు తెచ్చుకున్న చిన్న భవనం మీదే నడిచింది. అంత చిన్న భవనంలో కేబుళ్లు పొట్టిగా ఉంటాయి కనుక, వోల్టేజ్ లెక్క తప్పినా ఫలితం సరిగానే కనిపిస్తుంది.

లోపం బయటపడింది మధురవాడ వైపు కడుతున్న ఒక ఆసుపత్రి డిజైన్‌లో. ఫైర్ కంట్రోల్ రూమ్ నుంచి వెనుక బ్లాకుకు వెళ్లే హూటర్ల (అలారం మోగించే పరికరాల) సర్క్యూట్ పొడవు 220 మీటర్లు. కేబుల్ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, చివరనున్న హూటర్లు, స్ట్రోబ్‌లు (మెరిసే హెచ్చరిక లైట్లు) అన్నీ కలిసి తీసుకునే కరెంటు 1 ఆంపియర్. వీటిని నడిపే అలారం ప్యానెల్ 24 వోల్ట్లదైనా, సరఫరా పోయి బ్యాటరీ కూడా దిగిపోయే దశను దృష్టిలో పెట్టుకుని 20.4 వోల్ట్ల నుంచి లెక్క మొదలుపెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. ఈ సర్క్యూట్‌లో తీగ నిరోధం వల్ల పోయే వోల్టేజ్ నష్టం 2.7 వోల్ట్లేనని, చివరకు 17.7 వోల్ట్లు అందుతాయని చూపించి, సాఫ్ట్‌వేర్ పక్కన పచ్చ టిక్కు పెట్టింది.

మా జూనియర్ ఇంజనీరు అదే సర్క్యూట్‌ను కాగితం మీద లెక్కించి చూశారు. ఆ సైజు రాగి తీగ నిరోధం 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు 12.1 ఓమ్‌లు. కరెంటు వెళ్లడానికి 220 మీటర్లు, తిరిగి రావడానికి మరో 220 మీటర్లు కనుక తీగ మొత్తం పొడవు 440 మీటర్లు, నష్టం 5.3 వోల్ట్లు, చివరకు మిగిలేది 15.1 వోల్ట్లు. అమెరికా భద్రతా పరీక్షల సంస్థ యూఎల్ గుర్తింపు ఉన్న 24 వోల్ట్ల హూటర్లు సాధారణంగా 16 నుంచి 33 వోల్ట్ల మధ్య పనిచేసేలా పరీక్షింపబడతాయి, 16 కంటే తగ్గితే అవి మోగుతాయన్న హామీ లేదు. సాఫ్ట్‌వేర్ తిరుగు తీగను లెక్కలోకే తీసుకోలేదు. పైగా మన ఎండాకాలంలో ఫాల్స్ సీలింగ్ పైన వేడి 45 డిగ్రీలకు చేరితే రాగి నిరోధం మరో 10 శాతం దాకా పెరుగుతుంది. అదే చోట 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే నష్టం 3.3 వోల్ట్లకు తగ్గి సర్క్యూట్ నిలబడుతుంది. ఆ పచ్చ టిక్కును నమ్మి డ్రాయింగ్ పంపి ఉంటే, కరెంటు పోయి పొగ కమ్ముకున్న సమయంలో వెనుక బ్లాకులోని రోగులకు అలారం వినిపించకపోయే ప్రమాదం ఉండేది.

ఈ సంగతి చెబితే, వచ్చే వెర్షన్‌లో సరిచేస్తామని, అంతవరకు కేబుల్ పొడవును మేమే రెట్టింపు చేసి ఇవ్వమని వారు జవాబిచ్చారు. అలా ఇస్తే బీఓక్యూలో (సామగ్రి పరిమాణాల జాబితాలో) కేబుల్ పరిమాణం కూడా రెట్టింపవుతుంది. ప్రాణరక్షణకు సంబంధించిన లెక్కకు ఇలాంటి సర్దుబాటు చెప్పడం నాకు బాధ్యతారాహిత్యంగా తోచింది.

ఎలక్ట్రికల్ భాగం కూడా ఇలాగే ఉంది. దేశం పేరు భారత్ అని ఎంచుకుంటే తెర మీద వోల్టేజ్ 415కు మారుతుంది తప్ప, కేబుల్ సామర్థ్యం (అది మోయగల కరెంటు) మాత్రం 30 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు తయారైన అమెరికా పట్టికల నుంచే వస్తుంది. మన దగ్గర గాలిలో వేసే కేబుళ్లకు 40 డిగ్రీలు ఆధారం. ఈ ఒక్క తేడాతోనే ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం ప్లాస్టిక్ ఇన్సులేషన్) కేబుల్ సామర్థ్యం దాదాపు 10 శాతం ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంకొక చిక్కు ఫైళ్లది. చందా గడువు ముగిస్తే మన డిజైన్ ఫైళ్లే మనకు తెరుచుకోవు. ముందుగా ఐఎఫ్‌సీ ఫైలుగా (వేరే సాఫ్ట్‌వేర్లలోనూ తెరుచుకునే రూపంలో) తీసి పెట్టుకుందామంటే, అందులో డిటెక్టర్లు ఉత్త ఆకారాలుగా మిగులుతున్నాయి, ప్యానెల్ ఒక్కో డిటెక్టర్‌ను గుర్తుపట్టే లూప్ నంబరు, అడ్రస్ రెండూ పోతున్నాయి. ఆ అడ్రసులు లేని డ్రాయింగ్ ప్యానెల్ ప్రోగ్రామింగ్ చేసేవారికి ఎందుకూ పనికిరాదు.

డబ్బు విషయానికి వస్తే, వాపసు ఉండదన్న షరతు ఒప్పందంలో ఉందని, వివాదమేదైనా వేరే రాష్ట్రంలోని కోర్టులోనే తేల్చుకోవాలని చెప్పారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వ్యాపార అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొన్నవారికే మినహాయింపు ఉంది. అందువల్ల మన ఆఫీసులకు ఉన్న అసలు రక్షణ మనం ఇచ్చే పర్చేజ్ ఆర్డరే. లెక్క తప్పని రుజువైతే పూర్తి సొమ్ము వాపసు ఇవ్వాలని, కోర్టు పరిధి విశాఖపట్నమేనని, చందా ముగిసినా ఫైళ్లు చూసుకునే వీలుండాలని అందులో రాయించండి. ఒప్పుకోకపోతే కొనకండి.

కొత్త సాధనాలు వద్దని నేను అనడం లేదు. డ్రాయింగ్ గీసే శ్రమను ఇవి నిజంగానే తగ్గిస్తాయి. కానీ మీరు ఇదివరకే చేత్తో లెక్క కట్టి సరిచూసుకున్న పెద్ద భవనం ఒకటి ఇచ్చి, మీ ఎదుటే దానిని చేయించండి. హూటర్ల వోల్టేజ్ నష్టంతో పాటు బ్యాటరీ లెక్కనూ చూడండి: ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రకారం 24 గంటల స్టాండ్‌బై (అలారం మోగకుండా బ్యాటరీ మీదే వేచి ఉండడం) తర్వాత మామూలు అలారానికి 5 నిమిషాలు, వాయిస్ ఇవాక్యుయేషన్ (మాటలతో బయటకు రమ్మని చెప్పే వ్యవస్థ) ఉంటే 15 నిమిషాలు బ్యాటరీ రావాలి. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో చేసిన డ్రాయింగులను ఇప్పటికే సైటుకు పంపినవారు ప్రతి భవనంలోనూ అతి పొడవైన హూటర్ సర్క్యూట్‌ను ఈ వారంలోనే కాగితం మీద మళ్లీ లెక్కించండి, కేబుల్ లాగక ముందైతే సైజు మార్చడం సులువు.