బ్యాటరీ ర్యాకుకు ఎర్త్ వేశామంటారు, ఆ పచ్చ వైరు ఎక్కడిదాకా పోయిందో చూడండి

ఇంట్లో సోలార్‌తోపాటు ర్యాకులో లిథియం బ్యాటరీలు పెట్టించుకున్నవాళ్లు ఇది చదివి ఈరోజే వెళ్లి చూసుకోండి. కంపెనీ పేరు రాయను. వాళ్ల బ్యానర్లు ప్రతి కాలనీ గేటుకూ వేలాడుతున్నాయి, మీలో చాలామంది కొటేషన్ తీసుకునే ఉంటారు. 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్ (సోలార్, బ్యాటరీ, గ్రిడ్ మూడింటితోనూ నడిచేది), 51.2 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలు మూడు, నల్ల ర్యాకు, బయట మూడు ఎర్త్ గుంతలు. ఎర్తింగ్‌కు బిల్లులో విడిగా 24,000. అంతా కట్టేశాం.

నిన్న సాయంత్రం ర్యాకు తలుపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. అన్నీ ఆపి, ర్యాకు వెనక నుంచి గోడలోని పైపులోకి దిగిన పచ్చ వైరును పట్టుకుని కొంచెం లాగాను. వచ్చేసింది. రెండు బారల వైరు, చివర నల్ల టేపు చుట్టి ఉంది. బయట గుంత మూత ఎత్తి చూస్తే కడ్డీ ఉంది, దానికి క్లాంపు ఉంది, క్లాంపులో వైరు లేదు. చివరి వాయిదా ఇచ్చేముందు ఆ మూత ఒక్కసారి ఎత్తి ఉంటే అప్పుడే తెలిసేది. ఎత్తలేదు, ఆ తప్పు నాదే.

ఫోన్ చేస్తే వాళ్ల ఇంజినీరు అన్న మాట ఇది: "నలభై ఎనిమిది వోల్టుల బ్యాటరీ సార్, దాంతో షాక్ ఎవరికి కొడుతుంది? కంగారు పడకండి." పిల్లలు తిరిగే ఇంట్లో ఈ మాట ఎలా అనగలిగాడో రాత్రంతా నిద్ర పట్టలేదు.

51.2 వోల్టుల ఈ బ్యాటరీలనే వాడుకలో 48 వోల్టులవి అంటారు. ప్రమాదం ఆ 48 వోల్టుల నుంచి రాదు, ఇన్వర్టర్ లోపల ఉన్న 230 నుంచి వస్తుంది. ఇన్వర్టర్ ఫిల్టరులో ఫేజు నుంచి బాడీకి (బయటి ఇనప పెట్టెకు) ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. బాడీకి ఎర్త్ ఉంటే వాటి లీకేజీ నేలలోకి పోతుంది. లేకపోతే బాడీ ఆ రెంటి మధ్య వేలాడుతూ సగం వోల్టేజీ దగ్గర, అంటే 115 దరిదాపుల్లో నిలుస్తుంది. ర్యాకుకూ పక్క గదిలోని త్రీపిన్ సాకెట్ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే ఏసీ 108 చూపింది. ఈ లీకేజీ కొద్ది మిల్లీఆంపియర్లలోపే ఉంటుంది కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. రేపు ఇన్వర్టర్ లోపల ఫేజు వైరు ఒరిసి బాడీకి తగిలితే అదే తలుపు మీద 230 మొత్తం నిలబడుతుంది, ఏ బ్రేకరూ పడదు.

ఇంకో సంగతి గమనించండి. పచ్చ వైరు భూమిలోకి పోలేదు గానీ ఇన్వర్టర్ బాడీనీ ర్యాకునూ మాత్రం చక్కగా కలిపింది. గోడ మీద ఆరడుగుల ఎత్తులో ఉండాల్సిన ప్రమాదాన్ని పిల్లల చేతికి అందే ఇనప బీరువాకు దించింది. అసలు వైరే లేకపోయినా ఇంతకంటే నయంగా ఉండేది.

ఫిర్యాదు చేశాక ఈ ఉదయం ఒక కుర్రాడిని పంపారు. వాళ్లు చేసిన అసలు ద్రోహం ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. అతను గుంత వైపు చూడనే లేదు. సంచిలోంచి 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు ముక్కలు తీసి ఒక్కో బ్యాటరీ బాడీ స్క్రూ నుంచి నెగటివ్ బస్‌బార్‌కు (బ్యాటరీల నెగటివ్ కేబుళ్లన్నీ కలిసే పట్టీకి) కలిపి, "ఇప్పుడు ఎర్త్ అయిపోయింది సార్" అని సంతకం అడిగాడు. సంతకం పెట్టలేదు. అతని ముందే మళ్లీ కొలిస్తే ర్యాకు మీద వందకు పైనే ఉంది. ఉండక ఏం చేస్తుంది? నెగటివ్ అంటే భూమి కాదు. భూమిలోకి పోయే దారి లేకుండా బాడీని నెగటివ్‌కు కడితే బ్యాటరీ కేబుళ్లు కూడా ఆ వోల్టేజీలోకే ఎక్కుతాయి, అంతే.

పైగా ఆ ముక్కలు కొత్త ప్రమాదం తెచ్చిపెట్టాయి. ఒక బ్యాటరీ నెగటివ్ లగ్గు (కేబుల్ చివర బిగించే రింగు) వదులైందనుకోండి. పూర్తి లోడులో ఈ ఇన్వర్టర్ దాదాపు 110 ఆంపియర్లు లాగుతుంది. తన దారి మూసుకుపోయిన బ్యాటరీ వాటా కరెంటు బాడీ మీదుగా, ర్యాకు మీదుగా, బ్యాటరీల మధ్య ఉన్న కమ్యూనికేషన్ కేబుల్ మీదుగా కూడా పోవాలని చూస్తుంది. ముందు బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) పోర్టు కాలుతుంది. పాజిటివ్ కేబుల్ తొడుగు ర్యాకు అంచుకు కోసుకుపోతే ఇంకా ఘోరం. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు ఇస్తుంది. 2,000 ఆంపియర్ల దగ్గర 2.5 స్క్వేర్ రాగి వైరు సెకనులో దాదాపు ముప్పయ్యో వంతులోనే, పీవీసీ తొడుగు షార్ట్ అయినప్పుడు తట్టుకోగల హద్దైన 160 డిగ్రీలకు చేరుతుంది. బ్యాటరీ ఫ్యూజు వెంటనే తెగకపోతే ఆ వైరే మండుతుంది, అదీ ర్యాకు లోపల.

నెగటివ్‌ను ఎర్త్ చేయడం ఒక పని, బాడీని ఎర్త్ చేయడం వేరే పని. బాడీకి ఎర్త్ తప్పనిసరి. నెగటివ్ ఎర్తింగ్ మాత్రం ఇన్వర్టర్ మాన్యువల్ అడిగితేనే చేయాలి, అది కూడా ఒకే ఒక్క చోట. ఇన్వర్టర్ లోపల బ్యాటరీ వైపుకూ ఏసీ వైపుకూ మధ్య విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే, నెగటివ్‌ను భూమికి కట్టిన రోజే ఇన్వర్టర్ పోవచ్చు.

ఇక సరైన పని ఎలా ఉంటుందంటే: ర్యాకుకు పూసిన పౌడర్ కోటింగ్ కరెంటును పోనివ్వదు. బ్యాటరీ చెవులను ర్యాకుకు బిగించే నట్లు కూడా ఆ రంగు మీదే కూర్చుంటాయి. అందుకే ర్యాకుకు ఎర్త్ వేస్తే బ్యాటరీలకు పడినట్టు కాదు. ప్రతి బ్యాటరీ ముందో వెనకో ఎర్త్ గుర్తు ఉన్న స్క్రూ ఉంటుంది. అక్కడి నుంచి 6 స్క్వేర్ పచ్చ-పసుపు రాగి వైరు, తగరం పూత ఉన్న రింగు లగ్గుతో, ర్యాకులోని రాగి ఎర్త్ బార్‌కు విడివిడిగా రావాలి. ఒక బ్యాటరీ నుంచి ఇంకోదానికి గొలుసులా కడితే, మధ్యది సర్వీసుకు తీసినరోజు కిందివాటికి ఎర్త్ పోతుంది. బార్ బిగించే చోట రంగు గీకి తెల్ల ఇనుము కనపడాలి, పళ్ల వాషర్ పడాలి, బిగించాక తుప్పు పట్టకుండా పైన పెట్రోలియం జెల్లీ రాయాలి. తలుపుకు కీళ్ల మీద ఆధారపడకూడదు, విడిగా అల్లిక జంపర్ వేయాలి. నాకు షాక్ కొట్టింది తలుపు దగ్గరే కదా.

ర్యాకు బార్ నుంచి ఇంటి మెయిన్ ఎర్త్ బార్‌కు ఒకే వైరు. ఎర్తింగ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 లెక్కలో ఫేజు వైరు 16 స్క్వేర్ దాకా ఎర్త్ కూడా అంతే, 16 నుంచి 35 వరకు ఎర్త్ 16, ఆపైన సగం. బ్యాటరీ కేబుల్ 35 కాబట్టి ఇక్కడ 16 స్క్వేర్. మాన్యువల్ అంతకంటే లావు అడిగితే అదే వేయించండి. ఇన్వర్టర్ బాడీ కూడా ఈ బార్‌కే రావాలి. ఇన్వర్టర్‌ను ఒక గుంతకూ ర్యాకును ఇంకో గుంతకూ కడితే పిడుగు పడినప్పుడు రెండు గుంతల మధ్య వచ్చే తేడా అంతా కమ్యూనికేషన్ కేబుల్ మీద పడుతుంది.

ఆ కుర్రాడు వెళ్లేముందు సాకెట్లో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి వెలిగించి చూపాడు. ఈ బల్బు పరీక్షను నమ్మకండి. మొదటి మాట, అది ఇంటి పాత ఎర్త్, వాళ్లు వేసింది కాదు. రెండోది, వెలిగే 100 వాట్ల బల్బు రెసిస్టెన్స్ 529 ఓములు. గుంత 50 ఓములున్నా బల్బుకు 210 వోల్టులు అందుతాయి, కంటికి తేడా తెలియదు. గుంతను మూడు కడ్డీల ఎర్త్ టెస్టరుతోనే కొలవాలి, 5 ఓముల లోపు రావాలి. హైదరాబాద్ చుట్టుపక్కల చాలాచోట్ల కాస్త లోతుకు పోగానే రాయి తగులుతుంది. మూడు మీటర్ల కడ్డీని అక్కడే రంపంతో కోసి మూత పెట్టేసేవాళ్లున్నారు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, టెస్టరు మాత్రం చెప్తుంది. వానాకాలం కొలత చూసి ధీమా పడకండి, మే నెలలో మళ్లీ కొలిపించండి.

గుంత మంచిదే అయినా ఎంసీబీ (ఎక్కువ కరెంటు పోతే పడే మామూలు బ్రేకరు) ఒక్కటీ చాలదు. 5 ఓముల గుంతలోకి 230 వోల్టులు పెడితే, వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్‌ను లెక్కలోకి తీసుకోకపోయినా, పోయేది 46 ఆంపియర్లే. సీ టైపు 32 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే 160 నుంచి 320 దాకా కావాలి. 46 దగ్గర గంటసేపైనా పడకుండా ఉండవచ్చు. అంతసేపూ ర్యాకు మీద కరెంటే. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టే బ్రేకరు) అయితే కనురెప్పపాటులో తెంపుతుంది. నా బోర్డులో అది కూడా లేదు, కొటేషన్‌లో మాత్రం ఉంది.

ఆర్‌సీసీబీ ఉన్నవాళ్లు కూడా ఒకటి చూసుకోవాలి. కరెంటు పోయి బ్యాకప్ మీద నడిచేటప్పుడు చాలా హైబ్రిడ్ ఇన్వర్టర్లు ఫేజునూ న్యూట్రల్‌నూ రెంటినీ గ్రిడ్ నుంచి విడదీస్తాయి. అప్పుడు న్యూట్రల్ గాలిలో వేలాడుతుంది, లీకేజీ తిరిగి రావడానికి దారి ఉండదు, ఆర్‌సీసీబీకి ఏమీ తెలియదు. గ్రిడ్ బ్రేకర్ దించి బ్యాకప్ సాకెట్లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలవండి. సున్నా దగ్గర ఉంటే ఇన్వర్టర్ లోపలి రిలే కలుపుతోంది. వంద దాకా ఉంటే సెట్టింగుల్లో న్యూట్రల్-ఎర్త్ కలిపే ఆప్షన్ ఆపేసి ఉందేమో, లేక బయట రిలే కావాలేమో మాన్యువల్‌లో చూడండి. బోర్డులో శాశ్వతంగా కలిపేయకండి, గ్రిడ్ వచ్చినప్పుడు వీధి న్యూట్రల్ కరెంటు మీ గుంతలోకి దిగుతుంది. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి సరిపెట్టుకోకండి, ఎర్త్ అసలు లేకపోయినా ఆ బటన్ పని చేస్తుంది.

మీ ఇంట్లో చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. ముందు ముట్టుకోకుండా మీటరుతో ర్యాకుకూ మంచి సాకెట్ ఎర్త్‌కూ మధ్య ఏసీ వోల్టేజీ చూడండి, ఒకటి రెండు వోల్టులు దాటకూడదు. తర్వాత ఇన్వర్టర్, ప్యానెల్ ఐసోలేటర్, గ్రిడ్ బ్రేకర్, బ్యాటరీ బ్రేకర్లు అన్నీ ఆపి పది నిమిషాలు ఆగండి. మీటరును ఓముల్లో పెట్టి ప్రతి బ్యాటరీ బాడీ మీది బోడి స్క్రూ నుంచి మెయిన్ ఎర్త్ బార్‌కు కొలవండి. మీటరు పుల్లను లగ్గు మీద కాదు, బాడీ ఇనుము మీదే పెట్టాలి. ఒక ఓము లోపే రావాలి. ఆపైన పచ్చ వైరును చేత్తో లాగండి, గుంత మూత ఎత్తండి.

కొత్తగా పెట్టించుకునేవాళ్లు చివరి డబ్బు ఇచ్చేముందు గుంత నంబరు, తేదీ, ఓములు రాసిన టెస్టరు కాగితం అడగండి, కొలిచేటప్పుడు పక్కనే నిలబడండి.

ఆ నెగటివ్ జంపర్లు నేను తీసేశాను, ఎర్త్ పడేదాకా సిస్టం మొత్తం ఆపి ఉంచాను. మీకు మీటరులో వంద కనిపిస్తే మీరూ ఆపేయండి. ఆపేదాకా ఆ గదికి తాళం వేయండి, తడి నేల మీద ఉత్త కాళ్లతో ఎవరినీ ఆ ర్యాకు దగ్గరికి పోనివ్వకండి.