కోడి కూసిన చోటు, నిప్పులు వేసిన ఒడ్డు

పది రోజుల హోలీ ల్యాండ్ టూర్‌లో ముప్పైకి పైగా చోట్లు చూపించారు. నా మనసులో నిలిచినవి రెండే. రెండూ పేతురువే, యేసును పట్టుకున్న రాత్రి కోడి కూయకముందే ఆయన్ని ఎరుగనని మూడుసార్లు బొంకిన శిష్యుడివి.

కారణముంది. కొన్నేళ్ల కిందట ఆఫీసులో ఒక లెక్క తప్పి, నింద నా స్నేహితుడి మీద పడింది. అతని తప్పు లేదని నాకు తెలుసు. మేనేజర్ పిలిచి అడిగితే "నాకేం తెలియదు సార్" అన్నాను. అతని ఉద్యోగం పోయింది. ప్రతి ఆదివారం క్షమాపణ ప్రార్థనలో గొంతు కలుపుతూనే ఉన్నాను. ఆ మాట మాత్రం ఏ రోజూ బయటికి రాలేదు.

ముందుగా అందరూ అడిగే పరిశుద్ధ సమాధి ఆలయం సంగతి. యేసు సమాధి ఉందని చెప్పే యెరూషలేము చర్చి అది. రెండు గంటలు క్యూలో నిలబడితే సమాధి గదిలో ఒక నిమిషం కూడా ఉండనివ్వలేదు. చూడాల్సిందే గానీ, అక్కడ ప్రార్థన కుదురుతుందని ఆశ పెట్టుకోకండి. తెల్లవారుజామున వెళ్తే కాస్త నయం.

యెరూషలేములోనే సీయోను కొండ తూర్పు వాలులో గాల్లికాంతు చర్చి ఉంది. లాటిన్‌లో ఆ పేరుకి కోడి కూత అని అర్థం. పైకప్పు మీద బంగారు కోడిపుంజు కనిపిస్తుంది. ప్రధాన యాజకుడు కయప ఇల్లు ఇదేనని సంప్రదాయం, పండితులందరూ మాత్రం ఒప్పుకోరు. చిన్న టికెట్ ఉంటుంది, ఆదివారం మూసేస్తారు. కింద రాతిలో తొలిచిన లోతైన గుంట ఉంది. యేసును ఆ రాత్రి అందులోనే ఉంచారని చెబుతారు. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నెమ్మదిగా దిగాలి. పాస్టర్ గారు అక్కడ 88వ కీర్తన చదివారు. ఆ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ రాదు. నాకెందుకో అదే నచ్చింది.

ఆవరణలో పేతురు, పనిమనిషి, సైనికుడి విగ్రహాలున్నాయి. స్తంభం మీద కోడి. కింద లాటిన్‌లో చెక్కిన మాటని గైడ్ విడమరిచాడు: "నేనతని నెరుగను." అందరూ ఫొటోలు దిగుతుంటే నేను పక్కకు తప్పుకున్నాను.

బస బెత్లెహేములో. గది శుభ్రంగా ఉంది, ఖర్చు తక్కువ. కానీ యెరూషలేముకి వెళ్లే దారిలోని చెక్‌పోస్టు దగ్గర బస్సు ఎంతసేపు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. పొద్దున్నే ఆ టెన్షన్ వద్దనుకుంటే యెరూషలేములోనే దిగండి.

ఇక గలిలయలో తబ్‌గా. గలిలయ సరస్సు ఒడ్డున నల్లరాయితో 1933లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు కట్టిన చిన్న గుడి. లోపల పెద్ద బండ తప్ప చూడటానికి ఏమీ లేదు. పునరుత్థానం తర్వాత యేసు శిష్యులకు భోజనం పెట్టింది దాని మీదేనంటారు. చెప్పులు విప్పి నీళ్లలో దిగాను. అడుగున గులకరాళ్లు జారుతున్నాయి, పిల్లచేపలు మడమల చుట్టూ తిరిగి పారిపోతున్నాయి. పాస్టర్ గారు బైబిల్లో యోహాను సువార్త 21వ అధ్యాయం తీశారు. పేతురు "ఎరుగను" అన్నప్పుడు చలిమంట ఉంది, ఇక్కడా ఒడ్డున నిప్పులే ఉన్నాయి. ఇన్నేళ్లు చదివినా నేను గమనించలేదు. ఆ రాత్రి అలా ఎందుకన్నావని యేసు అడగనే లేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ తన గొఱ్ఱెల్ని, అంటే తన్ను నమ్మినవాళ్లని, చూసుకునే పని అప్పజెప్పాడు. బొంకింది కూడా మూడుసార్లే కదా.

టూర్ వాళ్లు ఇక్కడికి ఇచ్చింది ఇరవై నిమిషాలు. అక్కడ మాత్రం నాకు కోపం వచ్చింది. బస్సు హారన్ కొడుతుంటే తడి కాళ్లకు సాక్సులు తొడుక్కుంటూ పరిగెత్తాను. బుక్ చేసుకునేటప్పుడే తబ్‌గాలో గంట కావాలని గట్టిగా చెప్పండి.

ఆ రాత్రి తిబెరియ హోటల్లో నా స్నేహితుడికి మెసేజ్ రాశాను. గదిలో వైఫై రాలేదు, కింద లాబీకి వెళ్లి పంపాను. సాకులేవీ చెప్పలేదు, మేనేజర్ ముందు నేనేమన్నానో అదే రాశాను. నీలం టిక్కులు వచ్చాయి. లైట్లు ఆర్పేదాకా ఆ సోఫాలోనే కూర్చున్నాను.