నానమ్మ కాశీయాత్ర: హరికథగానా, ఏకపాత్రగానా?

ఇంట్లో తరతరాలుగా చెప్పుకొనే కాశీయాత్రను ఒక్కరే వేదికెక్కి చెప్పాలంటే మనకు రెండు చక్కని దారులున్నాయి.

హరికథలో కథకుడు ఒక్కడే అయినా కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు, పక్కన మృదంగం, వయొలిన్ తోడుంటాయి. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తీర్చిదిద్దిన ఈ కళలో ఒకే గొంతు పాట పాడుతుంది, వచనం చెబుతుంది, పిట్టకథలోకి వెళ్లి వస్తుంది. గంగాస్నానం, విశ్వనాథుడి దర్శనం వంటి ఘట్టాలకు ఇంతకు మించిన రూపం లేదు. ‘శ్రీమద్రమారమణ గోవిందో’ అనగానే సభంతా ‘హరి’ అని గొంతు కలుపుతుంది.

ఏకపాత్రాభినయంలో ఆ ఆసరా ఉండదు. నటి నానమ్మే అయిపోవాలి. కాశీలో తనకిష్టమైన కాయను ఎవరిని తలచుకుని వదిలిందో, తెచ్చిన గంగను రామేశ్వరం చేర్చలేకపోయిన దిగులును కొడుకులకు ఎందుకు చెప్పలేదో ఆమె మాటలోనే, మౌనంలోనే తెలియాలి. హరిదాసు కథ బయట నిలబడి వ్యాఖ్యానించగలడు; ఈమెకు ఆ వీలు లేదు. జ్ఞాపకం తడబడే చోటే నటన పండుతుంది.

నిడివి కావాలంటే హరికథే మేలు.

క్షేత్రమహిమ ప్రధానమైతే హరికథ ఎంచుకోండి. ఆ యాత్ర చేసిన మనిషి ప్రధానమైతే నా ఓటు నిస్సందేహంగా ఏకపాత్రకే. అప్పుడు వేదికపై ఒక్క గంగచెంబు చాలు, హంగులు ఆమె మాటకు అడ్డొస్తాయి.